నాన్న నడక, మతిమరుపు: రెంటికీ కలిపి చేయించిన పరీక్షలు – నా అనుభవం

పెద్దవాళ్ల నడక నెమ్మదిస్తే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం. మతిమరుపు వస్తే "వయసు మీద పడింది కదా" అని సరిపెట్టుకుంటాం. మా నాన్నకు 75 దాటాయి, బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. ఆయనకు ఈ రెండు బాధలనూ విడదీయకుండా ఒకే ఫైల్లో పెట్టి పరీక్షలు చేయించాం. చివరికి తేలింది నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్, అంటే మెదడు లోపలి గదుల్లో నీరు పెరిగి అవి ఉబ్బే జబ్బు. ఈ జబ్బు తక్కువమందికే ఉంటుంది. కానీ దాని దాకా వెళ్లే దారిలో ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ వచ్చిన కారణాలు మాత్రం చాలా ఇళ్లలో ఉండేవే. వాటిలో కొన్ని మందుల చీటీ మారిస్తే తగ్గేవి కూడా. అందుకని వరుసంతా రాస్తున్నాను.

ముందు ఈ రెంటికీ లంకె ఎక్కడుందో చెప్పాలి. నడక కాళ్ల పనే అనిపిస్తుంది గానీ, గడప ఎంత ఎత్తుంది, ఎదురుగా ఎవరొస్తున్నారు, అడుగు ఎక్కడ వేయాలి అని చూసుకునేది మెదడు. అందులోనూ ముందు భాగానిదే పెద్ద పాత్ర. ధ్యాస నిలపడం, పనులు వరుసలో పెట్టుకోవడం కూడా ఆ భాగం పనే. అక్కడి నుంచి దిగే నరాల తీగలు మెదడు నడిమధ్య నీటి గదుల అంచుల వెంట వెళ్తాయి. బీపీ, షుగర్ల వల్ల సన్న రక్తనాళాలు ఎక్కువగా పాడయ్యే చోట్లలో ఇదొకటి. గదులు ఉబ్బితే సాగేవీ ఈ తీగలే. అందుకే కాళ్లు, ఆలోచన రెండూ ఒకేసారి మందగిస్తాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. మాట్లాడిస్తే నడక ఆపేసే వృద్ధులు ఎక్కువగా పడిపోతున్నారని స్వీడన్ పరిశోధకులు 1997లోనే రాశారు. న్యూయార్క్ ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ జో వర్గీస్, ఆయన బృందం 2013లో దీనికి ఒక పేరు పెట్టారు: మోటోరిక్ కాగ్నిటివ్ రిస్క్ సిండ్రోమ్. డిమెన్షియా (రోజువారీ పనులు చేసుకోలేనంతగా మతి క్షీణించడం) ఇంకా లేదు, మంచాన పడలేదు, కానీ మతిమరుపు ఉందని మనిషే చెబుతున్నారు, నడక తన ఈడువాళ్ల కంటే బాగా నెమ్మదిగా ఉంది. ఈ రెండూ కలిస్తే ముందు ముందు డిమెన్షియా వచ్చే అవకాశం పెరుగుతుందని తేల్చారు. 2014లో 17 దేశాల్లో 60 దాటిన 26,802 మంది వివరాలు కలిపి చూస్తే సుమారు 9.7 శాతం మందికి ఈ స్థితి ఉంది. కేరళలోని కోళికోడ్‌లోనూ ఇదే బృందంతో కలిసి అధ్యయనం నడిచింది. ఇదంతా తెలిశాక నడకను కంటితో చూసి ఊరుకోకుండా కొలవడం మొదలుపెట్టాం.

కొలవడానికి ముందు ఒక కాగితం రాసుకోవాలి. ఏది ముందు మొదలైంది, ఏది తర్వాత? నరాల డాక్టరు మొదట అడిగేది ఇదే. నడక ముందు తడబడి, ఆ తర్వాత మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు వస్తే ఆలోచన నాన్నకు వచ్చిన ఈ నీటి జబ్బు వైపు వెళ్తుంది. ఏళ్ల తరబడి మతిమరుపు ఉండి నడక తర్వాత పాడైతే ఆలోచన అల్జీమర్స్ వైపు వెళ్తుంది. ఒకవైపు చేయి ఊగకపోవడం, వణుకు, చేతిరాత చిన్నదైపోవడం, వాసన తెలియకపోవడం ఉంటే పార్కిన్సన్స్. లేని మనుషులు గదిలో కనబడుతున్నారంటే, ఒక్కో రోజు తేటగా ఒక్కో రోజు గందరగోళంగా ఉంటుంటే అది లూయీ బాడీ జబ్బు కావచ్చు. మెట్టు మెట్టుగా, అంటే ఉన్నట్టుండి కొంత దిగజారి, కొన్నాళ్లు అలాగే నిలిచి, మళ్లీ దిగజారితే రక్తనాళాల సమస్య. గత రెండు మూడు నెలల్లో ఎక్కడైనా పడ్డారా, తల తగిలిందా అన్నది తప్పకుండా రాయాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవాళ్లకు చిన్న దెబ్బకే పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం కొద్దికొద్దిగా చేరి, వారాల తర్వాత నడక, మతి రెండూ పాడవుతాయి. స్కాన్‌లో అది వెంటనే తెలుస్తుంది, సరిచేయడానికీ వీలుంటుంది.

మూత్రం సంగతి మగవాళ్లు నోరు విప్పి చెప్పరు. "బాత్రూం దాకా వెళ్లేలోపు ఎప్పుడైనా తడుస్తోందా?" అని నేరుగా అడిగితేనే తెలుస్తుంది.

ఇక కొలత. వరండాలో నేల మీద రంగు టేపుతో 4 మీటర్ల దూరానికి రెండు గీతలు వేయాలి. మొదటి గీతకు ఒక మీటరు ముందు నుంచి నడక మొదలై, రెండో గీత దాటాక ఇంకో మీటరు వెళ్లాకే ఆగాలి. లేకపోతే బయల్దేరేటప్పటి, ఆగేటప్పటి నెమ్మదితనం కూడా లెక్కలో కలిసిపోతుంది. "రోజూ నడిచినట్టే నడవండి నాన్నా" అనాలి. పరీక్ష అంటే చాలు, పెద్దాయన ఛాతీ విరుచుకుని పరుగులాంటి నడక చూపిస్తారు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని రెండుసార్లు చూసి సగటు రాయాలి. తోడు ఉన్నవాళ్లు చేయి పట్టుకోకుండా, అరడుగు వెనగ్గా పక్కనే నడవాలి. ముందు నడిస్తే వాళ్ల వేగాన్నే అనుసరిస్తారు. ప్రతిసారీ అవే చెప్పులు, ఇంచుమించు అదే వేళ. లుంగీ, పంచె వద్దు, పాదాలు కనబడాలి.

4ని సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. 4 సెకన్లు పడితే సెకనుకు 1 మీటరు, 5 పడితే 0.8, 8 పడితే 0.5. సెకనుకు 0.8 మీటర్ల కన్నా తగ్గితే నెమ్మది నడకగా చూస్తారు. ఆసియా వాళ్లకు కండ క్షీణత పరీక్షలో 1.0 కన్నా తగ్గినా గుర్తించాలని 2019 నాటి మార్గదర్శకాల్లో ఉంది. ఆ అంకె కంటే ముఖ్యం, అదే మనిషిలో మార్పు. 0.1 తేడా వచ్చిందంటే అది నిజమైన మార్పే.

రెండో కొలత నడుస్తూ ఆలోచించడం. అదే దూరం నడుస్తూ పక్షుల పేర్లో కూరగాయల పేర్లో చెప్పించాలి. 100 నుంచి ఏడేడు తీసేస్తూ రమ్మనడం పుస్తకాల్లో ఉంటుంది గానీ, లెక్కలు అలవాటు లేనివాళ్లకు అది నడక పరీక్ష కాదు, లెక్కల పరీక్ష. ఏది ఎంచుకున్నా ప్రతిసారీ అదే ఉండాలి. నాన్నకు ఊరికే నడిస్తే 6.4 సెకన్లు, పేర్లు చెబుతూ నడిస్తే 9 సెకన్లు పట్టింది. అంటే వేగం 0.63 నుంచి 0.44కు పడింది, దాదాపు 29 శాతం తగ్గుదల. కెనడాలో మాంటెరో-ఒడాసో బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో, స్వల్ప జ్ఞాపక లోపం ఉన్నవాళ్లలో ఈ తగ్గుదల 20 శాతం దాటితే డిమెన్షియాగా మారే అవకాశం ఎక్కువని తేలింది. మోకాళ్ల నొప్పి వల్ల నెమ్మదించిన నడక అయితే మాట్లాడినా మాట్లాడకపోయినా సాధారణంగా ఇంత పెద్ద తేడా ఉండదు. మోకాలా, మెదడా అన్న సందేహానికి ఇంట్లోనే తేల్చుకోగల మొదటి ఆధారం ఇదే.

మూడోది కుర్చీ పరీక్ష. చేతులున్న కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క. సమయం కంటే వెనక్కి తిరగడాన్ని బాగా చూడాలి. మామూలు మనిషి మూడు నాలుగు అడుగుల్లో తిరుగుతారు. నాన్న ఉన్నచోటే చిన్న చిన్న అడుగులు వేస్తూ, తల, నడుము, కాళ్లు ఒకే దిమ్మలా తిప్పేవారు. ఇది వీడియో తీయాలి. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, గుమ్మం దాటేటప్పుడు ఒకటి. డాక్టరు గదిలో ఆ అయిదు నిమిషాల్లో పెద్దవాళ్లు చక్కగా నడిచేస్తారు. వీడియో లేకపోతే మన మాటకు విలువుండదు.

తర్వాత మందుల సంచి. చీటీ కాదు, సంచి మొత్తం డాక్టరు బల్ల మీద పెట్టాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, పదేళ్ల కిందటి చీటీతో కొంటున్నవి అన్నీ. మన దగ్గర ఎక్కువగా దొరికే దోషి గ్యాస్ మాత్రల్లో కలిసి వచ్చే లీవోసల్పిరైడ్. దాన్ని నెలల తరబడి వాడితే పార్కిన్సన్స్ లాంటి నడక వస్తుంది. తల తిరుగుడుకని ఇచ్చే సిన్నారిజిన్, ఫ్లునారిజిన్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. ఆపాక తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. నిద్రకు వాడే అల్ప్రజోలం, క్లోనజిపామ్ తూలునూ మరపునూ రెంటినీ పెంచుతాయి. వాటిని మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమైన్, నరాల నొప్పికిచ్చే అమిట్రిప్టిలిన్, వణుకుకిచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ మతిని మసకబారుస్తాయి. అన్నిటికన్నా విచిత్రం ఆక్సిబ్యుటినిన్. మూత్రం ఆగడం లేదని ఒకరు అది రాస్తారు, దాంతో మరపు పెరుగుతుంది, మరపుకు ఇంకొకరు ఇంకో మాత్ర రాస్తారు. నాన్న సంచిలో రెండు మాత్రలు తీసేశారు. నడక కొంచెం తేలికపడింది గానీ పూర్తిగా కుదరలేదు.

రక్తపరీక్షల్లో తప్పనిసరివి: బి12, థైరాయిడ్, సోడియం, షుగరు, కిడ్నీ, హీమోగ్లోబిన్. శాకాహారులకు, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ లేదా గ్యాస్ మాత్రలు వాడేవాళ్లకు బి12 తగ్గడం మామూలే. అది తగ్గితే వెన్నుపాము వెనక భాగం దెబ్బతిని, వెలుతురులో బాగానే నడిచే మనిషి చీకట్లో తూలుతారు, ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే ఒరిగిపోతారు. మతిమరుపూ వస్తుంది. ఇక్కడ మన ఊళ్లలో ఒక చిక్కుంది. నీరసమనగానే ఆరెంపీ దగ్గర బి కాంప్లెక్సు సూది వేయిస్తారు. ఆ తర్వాత పరీక్ష చేస్తే అంకె నిండుగా కనబడి అసలు లోటు దాగిపోతుంది. అందుకని రక్తం ఇచ్చాకే సూది. బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కన్నా తక్కువ అయితే లోటు ఖాయం. 200–300 మధ్య ఉంటే, బి12 తగ్గినప్పుడు రక్తంలో పెరిగే హోమోసిస్టీన్ కూడా చూస్తారు. సోడియం విషయానికొస్తే, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన బీపీ మాత్రలు వాడేవాళ్లలో అది పడిపోయి తూలు, గందరగోళం రెండూ రావచ్చు.

షుగరున్నవాళ్లను డాక్టరు అడిగే ప్రశ్న ఒకటి: "నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదా అండీ?" తెలియడం లేదంటే పాదాల నరాలు మొద్దుబారాయని అర్థం. అది నడకను చెడగొడుతుంది, మతిని కాదు. ఒకే మనిషిలో రెండు మూడు కారణాలు ఉంటాయి. ఒకటి దొరికింది కదా అని వెతకడం ఆపేయకూడదు.

మతి పరీక్ష తెలుగులోనే చేయించాలి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం ఇలాంటి పరీక్షను తెలుగువాళ్లకు తగ్గట్టు తయారుచేసింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారు చేయించిన పరీక్షల సెట్ కూడా తెలుగుతో సహా అయిదు భాషల్లో ఉంది. చదువులేని వాళ్లకు వేరే ప్రశ్నలు, వేరే కటాఫ్ ఉంటాయి, ముందే చెప్పాలి. కళ్లజోడు, చెవి మిషను మరిచిపోతే ఆ రోజు వచ్చే మార్కులకు అర్థం లేదు. పక్కన కూర్చున్నవాళ్లు జవాబులు అందించకూడదు. ఇంటి ఆడవాళ్లకు ఇదే అన్నిటికన్నా కష్టం! నాన్న మార్కుల తీరు చూసి డాక్టరు చెప్పిందేమిటంటే, అయిదు నిమిషాల కిందట చెప్పిన పేరు గుర్తు చేసుకోవడానికి సమయం పట్టినా చిన్న సూచన ఇస్తే చెప్పగలుగుతున్నారు, కానీ వేగం, ధ్యాస, పనిని వరుసగా చేయడం బాగా తగ్గాయి. అల్జీమర్స్‌లో సూచన ఇచ్చినా ఆ పేరు రాదు. మెదడు ముందు భాగపు తీగల సమస్యలో నాన్నలాగా సూచన ఇస్తే గుర్తొచ్చే రకం కనబడుతుంది.

అప్పుడు ఎమ్మారై. రిపోర్టులో "వయసుతో వచ్చిన మెదడు కుదింపు" అని రాస్తే అక్కడితో వదిలేయకుండా సీడీని నరాల డాక్టరే స్వయంగా చూడాలి. చూసే కొలతల్లో ముఖ్యమైనది ఎవాన్స్ సూచిక: మెదడు గదుల ముందు కొమ్ముల వెడల్పును అదే స్థాయిలో పుర్రె లోపలి గరిష్ఠ వెడల్పుతో భాగిస్తారు. 0.3 దాటితే గదులు ఉబ్బినట్టు. కానీ మెదడు కుంచించుకుపోయినా గదులు పెద్దవవుతాయి. తేడా పట్టిచ్చేది నడినెత్తి భాగం. అక్కడ మెదడు ముడతలు ఒకదానికొకటి ఒత్తుకుని ఇరుగ్గా ఉండి, కిందుగా పక్కనున్న పగులు మాత్రం వెడల్పుగా ఉంటే నీటి జబ్బు అనుమానం బలపడుతుంది. కుదింపైతే అన్నిచోట్లా ఖాళీయే కనబడుతుంది. హకీమ్, ఆడమ్స్ 1965లో ఈ జబ్బును వర్ణించినప్పటి నుంచి గుర్తులు మూడే: కాళ్లు ఎడంగా వేస్తూ, పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఈడుస్తూ నడవడం, మూత్రం ఆగకపోవడం, మతి మందగించడం. పార్కిన్సన్స్‌లో పాదాలు దగ్గరగా ఉంటాయి, చేతులు ఊగవు. దీనిలో పాదాలు ఎడంగా ఉంటాయి, చేతులు ఊగుతాయి.

స్కాన్ ఒక్కదానితో ఆపరేషన్ నిర్ణయించరు. వెన్నులోంచి నీరు తీసి చూస్తారు, దీన్నే ట్యాప్ టెస్ట్ అంటారు. పక్కకు తిరిగి మోకాళ్లు పొట్టకు ఆనించి పడుకోబెట్టి, నడుము కింది భాగంలో సూదితో 30 నుంచి 50 మిల్లీలీటర్లు తీస్తారు. క్లోపిడోగ్రెల్ లాంటి, రక్తం పలుచబడే మాత్రలు కొన్ని రోజుల ముందే ఆపాలి, గుండె డాక్టరుతో మాట్లాడాకే. మొత్తం పరీక్షలో అసలు కీలకం సూది కాదు, దాని ముందూ వెనకా నడక కొలవడం. చాలాచోట్ల నీరు తీసి "ఎలా ఉంది తాతగారూ" అని అడిగి పంపేస్తారు. "బాగుందయ్యా" అంటారు తాతగారు. దాంతో ఏమీ తేలదు. నీరు తీయడానికి ముందు, తీసిన రెండు మూడు గంటలకు, మర్నాడు అవే గీతల మధ్య కొలవాలి. 10 నుంచి 20 శాతం మెరుగును లెక్కలోకి తీసుకుంటారు. నాన్నకు 6.4 సెకన్లు 4.9కి దిగింది, వేగం 0.63 నుంచి 0.82కి పెరిగింది. తిరగడంలో అడుగులు కూడా తగ్గాయి. మెరుగు కనబడకపోయినా జబ్బు లేదని కాదు. అప్పుడు సన్నటి గొట్టం పెట్టి రెండు మూడు రోజులు నీరు తీసి చూసే పద్ధతి ఉంది. నీరు తీశాక కూర్చుంటే తలనొప్పి రావచ్చు, పడుకుంటే తగ్గుతుంది. ద్రవాలు ఎక్కువ ఇవ్వాలి.

ఈ జబ్బుకు చేసే ఆపరేషన్ షంట్ వేయడం. షంట్ అంటే మెదడు గదిలోంచి చర్మం కింద నుంచి పొట్టలోకి వేసే గొట్టం, మధ్యలో ఒక వాల్వు. ఒప్పుకునే ముందు ఏది ఎంత మెరుగవుతుందో తేటగా తెలుసుకోవాలి. నడక అన్నిటికన్నా బాగా మెరుగవుతుంది, తర్వాత మూత్రం, మతి చివర. 2025లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరీక్షలో 99 మందికి షంట్ వేసి, కొందరికి వాల్వు పనిచేసేలా, కొందరికి దాదాపు పనిచేయని సెట్టింగులో ఉంచారు. మూడు నెలలకు మొదటి వాళ్ల నడక వేగం సెకనుకు 0.2 మీటర్లకు పైగా పెరిగింది, రెండోవాళ్లది పెరగలేదనే చెప్పాలి. జ్ఞాపక పరీక్షలో మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మతి తిరిగొస్తుందన్న ఒక్క ఆశతోనే ఆపరేషన్‌కు వెళ్తే నిరాశే మిగులుతుంది.

బయటి నుంచి సెట్టింగ్ మార్చగలిగే వాల్వు ఖరీదెక్కువ, కానీ నా లెక్కలో ఆ ఖర్చు పెట్టదగ్గదే. నీరు ఎక్కువ దిగిపోతే మెదడు కిందికి లాగినట్టయి తలనొప్పి, కొందరిలో పుర్రె లోపల రక్తం చేరడం జరుగుతుంది. సెట్టింగ్ మార్చగలిగితే చాలాసార్లు మళ్లీ కోత లేకుండా సరిచేయవచ్చు. వాల్వు కంపెనీ, మోడల్, సెట్టింగ్ రాసిన కార్డు నాన్న జేబులో ఉంటుంది, దాని ఫొటో మా అందరి ఫోన్లలో ఉంది. ఎమ్మారై తీసిన ప్రతిసారీ సెట్టింగ్ కదిలిందో లేదో చూపించుకోవాలి. అయస్కాంతం ఉన్న హెడ్‌ఫోన్లు, ఫోన్ కవర్లు వాల్వుకు ఆనించకూడదు. జ్వరం, గొట్టం దారిలో ఎరుపు, వాంతులు, మగత, లేచి కూర్చుంటే పెరిగే తలనొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకూడదు.

ఆపరేషన్ తర్వాత కాళ్ల కండ తిరిగి రావడానికి ఫిజియోథెరపీ కావాలి. నెలల తరబడి ఈడ్చిన కాళ్లకు నీరు తగ్గినంత మాత్రాన బలం రాదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడ పక్కన నిలబడి ఒక పాదం ముందు ఒక పాదం పెట్టడం, గుమ్మం దగ్గర కాలు ఆగిపోతే నేల మీద అడ్డంగా అతికించిన టేపు గీతలు దాటడం, "ఒకటి, రెండు" అని లెక్క పెడుతూ అడుగేయడం. మొదట మౌనంగా, కుదిరాక మాట్లాడుతూ నడిపించడం. ఈ రెండో మెట్టు చాలామంది వదిలేస్తారు. బజారులో ఎవరూ మౌనంగా నడవరు కదా.

మతిమరుపు కొంత మిగిలింది. దానికి డోనెపెజిల్ మొదలుపెట్టాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు డాక్టరు ముందు ఈసీజీ తీయించి నాడి చూశారు. ఆ మందు గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అసలే నాడి నెమ్మదిగా ఉన్నవాళ్లు, బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు (నాడిని నెమ్మదింపజేసేవి) వాడుతున్నవాళ్లు కళ్లు తిరిగి పడిపోవచ్చు. మొదలుపెడితే 5 మిల్లీగ్రాములతోనే, నెల దాటాకే 10కి. పీడకలలు వస్తే రాత్రి మాత్రను ఉదయానికి మార్చమంటారు. మొదటి వారాల్లో విరేచనాలు, ఆకలి తగ్గడం ఉంటే బరువు చూసుకోవాలి.